ఒకే కాలు, రెండు జబ్బులు

గుండె నుంచి పాదానికి రక్తం ధమనుల్లో దిగుతుంది, పాదం నుంచి గుండెకు సిరల్లో ఎక్కుతుంది. దిగే దారి పూడుకుపోతే ఒక జబ్బు, ఎక్కే దారి చెడితే మరో జబ్బు. మన ఇళ్లలో మాత్రం రెండూ కాళ్ల నొప్పులే. ఇంకాస్త వివరంగా చెప్పమంటే రెండింటికీ 'నరాలు లాగుతున్నాయి' అనే అంటారు. వైద్యుడి ముందుకు వచ్చేసరికి ఈ రెండూ దాదాపు ప్రతి విషయంలోనూ ఎదురెదురుగా నిలబడతాయి. ఒకదానికి హాయినిచ్చే భంగిమ ఇంకోదానికి బాధ పెంచుతుంది. ఒకదాన్ని మాన్పే కట్టు ఇంకోదాన్ని కుళ్లబెడుతుంది. అందుకే వీటిని విడివిడిగా చదవడం కన్నా పక్కపక్కన పెట్టి చదవడంలో లాభం ఎక్కువ.

అలా పెట్టి చూస్తే మొదట తెలిసేది, మన శ్రద్ధ తలకిందులుగా ఉందని. ఉబ్బిన సిర కంటికి కనపడుతుంది. నీలంగా, మెలికలు తిరిగి, పంచె ఎత్తినా చీర కుచ్చిళ్లు సర్దుకున్నా బయటపడుతుంది. దానికి హైదరాబాదులోనూ విజయవాడలోనూ హోర్డింగులున్నాయి, లేజర్ ప్యాకేజీలున్నాయి. పూడుకుపోతున్న ధమనికి హోర్డింగు లేదు. అది లోతున ఉంటుంది, ఏళ్ల తరబడి నోరెత్తదు, కాలివేలు నల్లబడ్డాక గానీ మనిషి ఆస్పత్రికి రాడు. కాలు పోగొట్టేది ఎక్కువగా అదే. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది: నడిస్తే పిక్క పట్టేసే దశలో ఉన్న రోగికి కాలు పోయే ప్రమాదం కంటే గుండెపోటో పక్షవాతమో వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. కాలిలో పూడుకున్న ధమని, ఒళ్లంతా ధమనులు పూడుకుంటున్నాయని చెప్పే తొలి కబురు. ఆ కబురు అందుకునేవాళ్లు తక్కువ.

ధమని గోడలోపల కొవ్వు పేరుకుని, దానిమీద సున్నం పట్టి, దారి ఇరుకవుతుంది. పొగాకు, షుగరు, బీపీ, కొలెస్ట్రాల్, వయసు దీనికి కారణాలు. కూర్చున్నప్పుడు కండకు చాలినంత రక్తం ఆ ఇరుకు దారిలోనూ వస్తుంది. నడక మొదలుపెడితే కండ అడిగేది ఎన్నో రెట్లు పెరుగుతుంది, దారి ఇవ్వలేదు. కనుక ధమని జబ్బు నడకలో బయటపడుతుంది.

సిర కథ వేరు. అక్కడ అసలు చిక్కు చాలావరకు కవాటాలది. పాడువా నగరంలో ఫాబ్రిసియస్ 1603లో సిరల కవాటాలను బొమ్మలు గీసి మరీ ప్రచురించాడు గానీ, అవి కిందికి పోయే రక్తం జోరు తగ్గించడానికి ఉన్నాయనుకున్నాడు. వాటి అసలు పని రక్తాన్ని గుండె వైపు తప్ప వెనక్కి పోనివ్వకపోవడమని ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రుజువు చేశాడు. అందుకు ఆయన వాడిన పరికరాలు ఒక కట్టు, ఒక వేలు. చేతికి బిగువుగా కట్టు కట్టి, ఉబ్బిన సిరను వేలితో నొక్కి, రక్తాన్ని వెనక్కి తోయబోతే పోలేదు. కాలి సిరలో ఈ కవాటాలు సరిగా మూసుకోకపోతే పైకెక్కిన రక్తం తిరిగి జారుతుంది. కదలకుండా నిలబడ్డ మనిషి పాదం సిరలో ఒత్తిడి 80, 90 మిల్లీమీటర్ల పాదరసం దాకా ఉంటుంది. నాలుగు అడుగులు వేస్తే పిక్క కండ పిండి పైకి తోస్తుంది కాబట్టి ఆరోగ్యవంతుడిలో అది 30 లోపుకు పడిపోతుంది. కవాటాలు చెడినవాడిలో అలా పడదు. చర్మం రోజంతా ఆ ఒత్తిడిలో నానుతుంది.

అందువల్ల ధమనికి పరీక్ష నడక అయితే, సిరకు శత్రువు నిలబడటం. ట్రాఫిక్ కానిస్టేబుల్, బడిపంతులు, క్షౌరవృత్తి చేసేవాళ్లు, హోటల్లో పెనం ముందు నిలబడే మనిషి, బట్టల దుకాణంలో పొద్దున్నుంచి రాత్రి దాకా చీరలు విప్పి చూపించే ఆడపిల్ల ఈ జబ్బుకు దగ్గరి మనుషులు. కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో అక్కడి దుకాణాల చట్టాన్ని సవరించి ఆ హక్కు ఇచ్చారు, 2021లో తమిళనాడూ అదే చేసింది. సిరల జబ్బు గురించి మాట్లాడేటప్పుడు లేజర్ కన్నా ముందు ఆ కుర్చీ గురించి మాట్లాడాలని నేను గట్టిగా అనుకుంటాను. పుట్టుకతో వచ్చిన సిరలను మార్చలేం, కాన్పుల భారాన్ని వెనక్కి తీసుకోలేం, కుర్చీ వేయడం మాత్రం యజమాని చేతిలో పని.

గుర్తుపట్టడం దగ్గరే రెండింటికీ తేడా స్పష్టం, అడగాల్సిన ప్రశ్న తెలిసి ఉంటే.

"ఎంత దూరం నడిస్తే వస్తోంది పెద్దాయనా?"

"సెంటరు దాకా పోతే పిక్క పట్టేస్తదండి. ఓ రెండు నిమిషాలు నిలబడితే పోతది. మళ్లీ అంత దూరం నడిస్తే మళ్లీ పట్టేస్తది."

ఈ రెండు మాటల్లో ధమని జబ్బు దాదాపు పూర్తిగా ఉంది. ఒకే దూరం, ఒకే కండ, నిలబడితే చాలు కొద్ది నిమిషాల్లో ఉపశమనం. కూర్చోవాల్సిన పని కూడా లేదు. ఇక్కడ వెన్నుపూస ఇరుకైన జబ్బు ఒకటి అచ్చం ఇలాగే వేషం వేసుకుని వస్తుంది. దాని నొప్పి నిలబడితే పోదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. అలాంటి మనిషి నడవలేకపోయినా సైకిలు హాయిగా తొక్కగలడు. ఈ తేడా అడగకుండా నడుముకు ఎమ్మారై తీయించి, అరవై దాటినవాళ్లలో ఎలాగూ కనపడే డిస్కుల అరుగుదలను చూపించి, ఏళ్ల తరబడి నడుం బెల్టు పెట్టించిన కేసులు తక్కువేం కాదు. పాదం మీద నాడి చూస్తే అరనిమిషంలో తేలే విషయం అది.

సిర చెడినవాడు ఏ దూరాన్నీ లెక్కచెప్పడు. పొద్దున బాగానే ఉంటుందంటాడు. సాయంత్రానికి కాలు బరువెక్కుతుంది, గుంజుతుంది, చీలమండ దగ్గర వాస్తుంది, సాక్సు అంచు ముద్ర పడుతుంది. నడిస్తే పెరగడం లేదు సరిగదా, కాస్త తేలికపడుతుంది. పడుకుని కాళ్లకింద దిండు పెట్టుకుంటే ప్రాణం లేచొస్తుంది.

రాత్రిపూట ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ధమని బాగా పూడుకున్న మనిషిని నొప్పి నడిరేయి లేపుతుంది. పాదం ముందుభాగం, వేళ్లు మంటపెడతాయి. అతను దిండు వెతుక్కోడు, మంచం మీంచి కాలు కిందికి వేలాడేస్తాడు. కొందరు కుర్చీలోనే నిద్రపోతారు. భూమి ఆకర్షణ తోడైతే గానీ ఆ పాదానికి రక్తం అందదు. అలా వేలాడేసిన పాదం ఎర్రబడుతుంది. ఇంట్లోవాళ్లు ఆ ఎరుపు చూసి రక్తం బాగానే ఆడుతోందనుకుంటారు. అదే కాలిని పైకెత్తి పట్టుకుంటే పాలిపోతుంది. ఆ ఎరుపు రక్తం సమృద్ధిగా ఉండటం వల్ల వచ్చింది కాదు, ఆకలిగొన్న చర్మంలో చిన్న నాళాలన్నీ విప్పారి ఉండటం వల్ల వచ్చింది. కాలి జబ్బుల్లో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే గుర్తు ఇది. మేలుగా కనపడుతూ కీడును దాచిపెడుతుంది.

పుండ్లను చూసినా అంతే. సిర పుండు చీలమండకు పైన, ఎక్కువగా లోపలివైపు వస్తుంది. వెడల్పుగా, తడిగా, అంచులు వంకరటింకరగా ఉంటుంది. చుట్టూ చర్మం గోధుమరంగుకు తిరిగి, గట్టిపడి, దురదపెడుతుంది. చర్మంలోకి ఊరిన రక్తకణాలు విచ్ఛిన్నమై వదిలిన ఇనుము రంగది. ధమని పుండు వేళ్ల కొసల్లో, మడమ మీద, చెప్పు ఒరుసుకునేచోట వస్తుంది. చిన్నగా, లోతుగా, పొడిగా, ఉలితో తొలిచినట్టున్న అంచులతో ఉంటుంది. విపరీతమైన నొప్పి. చుట్టూ చర్మం నున్నగా, పలచగా, వెంట్రుకలు రాలిపోయి ఉంటుంది.

ఈ లెక్కలన్నీ తారుమారు చేసేది షుగరు. నరాలు మొద్దుబారినవాడికి పిక్క పట్టెయ్యదు, వేలు కాలదు. మేకు దిగినా తెలియదు. ధమని చెప్పే ఆ తొలి కబురు కూడా అతనికి అందదు. అందుకే షుగరున్నవాళ్లకు 'నొప్పి వచ్చినప్పుడు చూద్దాం' అన్న మాట పనికిరాదు. నొప్పి రాకపోవడమే అక్కడ జబ్బు. ఏడాదికి ఒకసారైనా సాక్సులు విప్పించి, వేళ్ల మధ్య చూసి, నైలాన్ తీగతో స్పర్శ పరీక్షించి, నాడి పట్టి చూడాలి. ఎన్ని ఓపీల్లో షుగరు రోగి చెప్పులు విప్పకుండానే బయటికి వస్తున్నాడో ఎవరైనా కూర్చుని చూడొచ్చు.

పడుచు వయసులోనే వేళ్లు నల్లబడటం మొదలైతే అది మరో రకం. లియో బర్గర్ 1908లో న్యూయార్క్‌లో, తీసేసిన కాళ్లను కోసి పరిశీలించి వర్ణించిన జబ్బు, ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. ఇది కొవ్వు పూడిక కాదు. పొగాకుతో రగిలే వాపు చిన్న, మధ్యరకం నాళాలను మూసేస్తుంది. ధమనులనూ సిరలనూ రెండింటినీ పట్టుకునే అరుదైన జబ్బు. ఎక్కువగా నలభై ఐదేళ్లలోపు మగవాళ్లకు, బీడీనో సిగరెట్టో వదలనివాళ్లకు వస్తుంది. దీనికి మందులున్నాయి, ఆపరేషన్లున్నాయి, కానీ జబ్బును ఆపగలిగేది ఒక్కటే, పొగాకు పూర్తిగా మానడం. తగ్గించడం సరిపోదు. మానినవాళ్ల కాళ్లు చాలావరకు నిలుస్తాయి, మానలేనివాళ్లు వేలు తర్వాత వేలు, పాదం తర్వాత కాలు పోగొట్టుకుంటారు. బీడీలు చుట్టే జిల్లాలున్న తెలంగాణకూ, పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం ఉన్న గుంటూరుకూ ఈ జబ్బు పరాయిది కాదు.

ఇక బోదకాలు ఈ రెండింటి మధ్య దూరి తికమకపెడుతుంది. అది ధమనిదీ కాదు, సిరదీ కాదు, శోషరస నాళాలది. వాపు పాదం పైభాగాన్ని, వేళ్లనూ పట్టుకుంటుంది, చర్మం మందమవుతుంది, రెండో వేలి మొదట్లో చర్మాన్ని చిటికెడు పట్టుకుని లేపబోతే లేవదు. కాలు వాచిన ప్రతివాడినీ 'బోదకాలేమో' అని భయపెట్టే అలవాటు మన జిల్లాల్లో పాతది. ఆ ఒక్క చిటికె చాలా భయాలను తీర్చగలదు.

నెమ్మదిగా వచ్చే జబ్బుల్లో తేడా ఇలా ఉంటే, ఉన్నట్టుండి వచ్చేవాటిలో తేడా ప్రాణాల మీదికి వస్తుంది. ధమనిలో గడ్డ ఇరుక్కుంటే కాలు తెల్లబోతుంది, చల్లబడుతుంది, నాడి పోతుంది, విపరీతంగా నొప్పెడుతుంది, తర్వాత స్పర్శ పోతుంది, చివరికి కదలదు. సుమారు ఆరు గంటల్లో రక్తం తిరిగి అందకపోతే కండ చచ్చిపోవడం మొదలవుతుంది. చాలాసార్లు ఆ గడ్డ గుండెలో పుట్టి, లయ తప్పిన కొట్టుకోవడం వల్ల విసిరినట్టు కిందికి వచ్చినదే. లోతు సిరలో గడ్డ కడితే దీనికి సరిగ్గా వ్యతిరేకం. కాలు వెచ్చగా ఉంటుంది, వాస్తుంది, పిక్క బిగుసుకుంటుంది, నాడి మామూలుగానే ఆడుతుంది. తుంటి ఆపరేషన్ తర్వాత, కాన్పు తర్వాత, క్యాన్సర్ ఉన్నప్పుడు, గర్భనిరోధక మాత్రలు వాడేటప్పుడు, అమెరికా నుంచి గంటల తరబడి కూర్చుని వచ్చిన తర్వాత ఒక్క కాలే వాచిందంటే అనుమానించాలి. మొదటిదానిలో కాలు పోతుంది. రెండోదానిలో కాలు సాధారణంగా పోదు, గడ్డ ఊడి ఊపిరితిత్తులకు ఎక్కితే మనిషే పోతాడు. సిర జబ్బును అందం సమస్యగా తేల్చేసేవాళ్లు మరిచిపోయేది దీన్నే.

ఈ రెండు అత్యవసరాల్లోనూ జనం చేసే పని ఒకటే: కాలికి నూనె రాసి మర్దన. చల్లబడిన కాలికి కాపడం పెడతారు, అప్పటికే రక్తం అందని చర్మం కాలిపోతుంది. వాచిన కాలిని పిసుకుతారు, గడ్డ కదలొచ్చు. రెండుచోట్లా తప్పే, రెండు వేర్వేరు కారణాలతో.

రోగనిర్ధారణలో మన వ్యవస్థ ఖరీదైన చివర నుంచి మొదలుపెడుతుందన్నది నా ప్రధాన ఫిర్యాదు. ధమని జబ్బుకు మొదటి పరికరం వేలు. గజ్జలో, మోకాలి వెనక గుంటలో, చీలమండ లోపలివైపు ఎముక వెనక, పాదం పైన నాడి పట్టి చూడాలి. పాదం పైన నాడి కొద్దిమందికి పుట్టుకతోనే దొరకదు కాబట్టి చీలమండ వెనకది తప్పక చూడాలి. రెండో పరికరం బీపీ మిషను, దానికి తోడు పెన్నులాంటి చిన్న డాప్లర్. రోగిని కాసేపు పడుకోబెట్టి, చీలమండ దగ్గర పై ఒత్తిడిని, చేతి పై ఒత్తిడితో భాగిస్తారు. మామూలు మనిషిలో ఆ అంకె 1 నుంచి 1.4 మధ్య ఉంటుంది. 0.9, అంతకన్నా తక్కువైతే ధమని జబ్బు ఉన్నట్టే. 0.4 కిందికి పోతే కాలు ప్రమాదంలో ఉంది. నొప్పి లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు. ఇంత చవకగా ఇంత చెప్పే పరీక్షలు వైద్యంలో అరుదు. దీని లోపమూ చెప్పాలి: షుగరున్నవాళ్లలో, కిడ్నీలు చెడినవాళ్లలో ధమని గోడ సున్నంతో గట్టిపడి పట్టీకి నొక్కుడుపడదు. అంకె 1.4 దాటుతుంది, లేదా అసత్యంగా మామూలుగా కనపడుతుంది. అప్పుడు బొటనవేలి దగ్గర ఒత్తిడి చూడాలి, వేలి నాళాలు అంతగా గట్టిపడవు.

సీటీ యాంజియోగ్రామ్ తర్వాతి మెట్టు. ఏదో ఒకటి చేయాలని నిర్ణయించుకున్నాక, ఎక్కడ చేయాలో తెలుసుకోవడానికి వాడే పటం అది. జబ్బు ఉందో లేదో తేల్చడానికి దాన్ని వాడటం డబ్బుకూ, కాంట్రాస్టు మందు వల్ల కిడ్నీకీ బరువు.

సిరల దగ్గర తీర్పు వేరు. అక్కడ వేలు చాలదు, స్కానింగే రాజు. పిక్క నొక్కితే, పాదం వంచితే నొప్పి వచ్చిందా అన్న పాత పరీక్షను నమ్ముకుంటే లోతు సిరలోని గడ్డలు బోలెడు తప్పిపోతాయి. ముందు అనుమానాన్ని కొలవాలి: ఇటీవల ఆపరేషన్ జరిగిందా, మంచాన పడ్డాడా, క్యాన్సరా, ఒక పిక్క ఇంకోదానికన్నా మూడు సెంటీమీటర్లకు పైగా లావుందా వగైరాలకు మార్కులు వేసే వెల్స్ పద్ధతి ఉంది. మార్కులు తక్కువై, డి-డైమర్ అనే రక్తపరీక్ష మామూలుగా ఉంటే గడ్డ లేదని ధైర్యంగా పంపించొచ్చు. డి-డైమర్ పెరిగినంతమాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు, గర్భంలోనూ జ్వరంలోనూ ఆపరేషన్ తర్వాతా పెరుగుతుంది. స్కానింగులో ప్రోబుతో నొక్కితే సిర అప్పచ్చిలా అణగాలి, అణగకపోతే లోపల గడ్డ ఉంది. ఉబ్బుసిరలకైతే రోగిని నిలబెట్టి చూడాలి, పడుకోబెట్టి కాదు. పిక్కను పిండి వదిలాక రక్తం అర సెకనుకు మించి వెనక్కి జారితే పైసిర కవాటాలు చెడినట్టు. ఈ కొలత రాయకుండా, 'వేరికోస్ వీన్స్ ఉన్నాయి' అని ఒక వాక్యం మాత్రమే ఉన్న రిపోర్టు మీద లేజర్ చేయించుకోకూడదు.

చికిత్స చరిత్రలో రెండు దారులూ చాలా దూరం నడిచాయి, విచిత్రంగా ఒకే తలుపు దగ్గర కలుసుకున్నాయి. జర్మనీలో ట్రెండెలెన్‌బర్గ్ 1890ల తొలినాళ్లలో తొడ సిరను కట్టివేసే ఆపరేషన్ ప్రచురించాడు. దాదాపు వందేళ్లు ఆ ఆలోచనే నడిచింది: కట్టు, లాగి తీసేయి. ఇప్పుడు స్కానింగు చూస్తూ సన్నని తీగ లోపలికి పంపి, లేజరుతోనో రేడియో తరంగాలతోనో సిరను లోపలి నుంచి మూసేస్తున్నారు. ఇది నిజమైన ముందడుగు. పుండు పడ్డ కాళ్ల విషయంలో దీని విలువను బ్రిటన్‌లో 450 మందిపై జరిగిన ఇవ్రా అధ్యయనం 2018లో చూపించింది. కట్టు కట్టడంతో పాటు సిరను వెంటనే మూసినవాళ్లకు పుండు మానడానికి పట్టిన మధ్యగత కాలం 56 రోజులు, మూయడం వాయిదా వేసినవాళ్లకు 82 రోజులు. సిర పుండుతో ఏళ్ల తరబడి కట్లు మార్చుకుంటూ బతికే మనిషికి ఆ 26 రోజులు చిన్న సంగతి కాదు. నా అభ్యంతరం లేజర్ మీద కాదు. పుండున్న పేదవాడికి అందకుండా, బాధే లేని సన్నని నీలిగీతలున్నవాళ్లకు అమ్ముడవుతున్న తీరు మీద.

ధమని వైపు అసలు చికిత్స చాలామందిని నిరాశపరుస్తుంది, ఎందుకంటే అది నడక. నొప్పి వచ్చేదాకా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం. ఎవరైనా దగ్గరుండి చేయిస్తే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట, కనీసం మూడు నెలలు. దీనితో నొప్పి లేకుండా నడిచే దూరం బాగా పెరుగుతుంది. పొగాకు మానడం, స్టాటిన్, యాస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, బీపీ, షుగరు అదుపు. ఈ మందులు ముఖ్యంగా గుండెనూ మెదడునూ కాపాడటానికి. 'కాలు నొప్పికి వెళ్తే గుండె మందులిచ్చారు' అని విసుక్కునే రోగికి ఈ ముక్క విడమరిచి చెప్పేవాళ్లు కావాలి. నడిస్తేనే నొప్పి వచ్చే దశలో, పని చేసుకోగలిగినవాడికి స్టెంటు వేయడానికి తొందరపడటం మంచిది కాదు. మూసుకుపోయిన స్టెంటు కొన్నిసార్లు మొదటికన్నా అధ్వాన్నంగా మిగులుస్తుంది.

రాత్రి నొప్పి, మానని పుండు, నల్లబడ్డ వేలు మొదలయ్యాక మాత్రం వాయిదా వేయకూడదు. రక్తం అందించి తీరాలి. రెండు మార్గాలున్నాయి. 1948లో పారిస్‌లో జీన్ కున్లిన్, రోగి సొంత తొడ సిరను తీసి, పూడుకున్న చోటుకు పైనా కిందా కలిపి రక్తానికి కొత్త దారి వేశాడు. కవాటాలు అడ్డం పడకుండా సిరను తిరగేసి కుట్టాలి. 1964 జనవరిలో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, కాలు తీయించుకోనని భీష్మించిన ఎనభై రెండేళ్ల ముసలావిడ తొడ ధమనిలోకి సన్నని గొట్టాలు ఒకదాని మీదుగా ఒకటి పంపి, కోయకుండానే దారి వెడల్పు చేశాడు. ఆవిడ తన రెండు కాళ్ల మీదే మిగిలిన జీవితం నడిచింది. పదేళ్ల తర్వాత జ్యూరిచ్‌లో గ్రూంట్జిగ్ చేసిన బెలూన్ ఆ మార్గాన్ని రాచబాట చేసింది. అకస్మాత్తు గడ్డలకు 1963లో థామస్ ఫోగార్టీ ప్రచురించిన బెలూన్ గొట్టం ఇప్పటికీ ప్రతి పెద్ద ఆపరేషన్ థియేటర్‌లో ఉంటుంది. మూసి ఉన్న గడ్డను దాటి వెళ్లి, బెలూన్ ఉబ్బించి, వెనక్కి లాగితే గడ్డ బయటికి వస్తుంది.

బైపాసా, బెలూనా అన్న వాదం ఇంకా తీరలేదు. బెస్ట్-సీఎల్ఐ అధ్యయనం 2022లో వెలువడింది. అందులో మంచి తొడ సిర ఉన్న 1,434 మందిలో, బైపాస్ ముందు చేసినవాళ్లలో 42.6 శాతం మందికి కాలికి పెద్ద ముప్పో మరణమో కలిగితే, బెలూన్ దారిలో వెళ్లినవాళ్లలో 57.4 శాతం మందికి కలిగింది. సర్జన్లు సంబరపడ్డారు. మరుసటేడు వచ్చిన బాసిల్-2, మోకాలి కింది ధమనులను సరిచేయాల్సిన 345 మందిని చూసి దీనికి ఎదురు చెప్పింది. సిర బైపాస్ గుంపులో 63 శాతం, బెలూన్ గుంపులో 53 శాతం మంది పెద్ద కోతకో మరణానికో లోనయ్యారు. తేడా ఎక్కువగా మరణాల వల్ల వచ్చింది. ఈ రెండింటిలో ఒకటి నిజం, ఇంకోటి అబద్ధం అనుకోనక్కర్లేదు. రోగులు వేరు, కొలిచిన ఫలితాలు వేరు. ఆపరేషన్‌ను తట్టుకోగల మనిషి, ముందు ఎంతో కాలం బతికే అవకాశం, చక్కని సిర ఉంటే బైపాస్‌ను పక్కన పెట్టకూడదనీ, ముసలితనం, బలహీనమైన గుండె, మోకాలి కింది చిన్న నాళాల జబ్బు అయితే బెలూన్ ముందనీ నేను చదువుకుంటాను. రెండూ చేయగల బృందం ఉన్నచోటే ఈ నిర్ణయం నిజాయితీగా జరుగుతుంది. ఒకటే చేతనైనచోట ప్రతి కాలికీ అదే అవసరమనిపిస్తుంది.

ఈ రెండు జబ్బులూ కలుసుకునే తలుపు ఇదే: ధమనిని బతికించే గొట్టం సిర. గుండె బైపాసుకూ, కాలి బైపాసుకూ తొడ నుంచి చీలమండ దాకా పరుచుకున్న ఆ పొడవాటి సిరను ఎక్కువగా వాడతారు. దానికి సమానమైన ప్లాస్టిక్ గొట్టం మోకాలి కింద ఇంతవరకూ లేదు. బాగా మెలికలు తిరిగి ఉబ్బిన సిర ఎలాగూ బైపాసుకు పనికిరాదు, దాన్ని మూయడంలో నష్టం లేదు. కానీ అర సెకను కూడా వెనక్కి జారని సిరను, ఎక్కడో సన్నని నీలిగీతలున్నాయని కాల్చేస్తే, పదేళ్ల తర్వాత షుగరుతో కాలు ప్రమాదంలో పడ్డ మనిషికి వైద్యుడు వాడుకోగల ఒకే ఒక సొత్తును ముందే పారేసినట్టవుతుంది. షుగరున్నవాళ్ల విషయంలో, పొగతాగేవాళ్ల విషయంలో లేజర్ కేంద్రం ఈ లెక్క వేసి తీరాలి.

తలుపు ఇంకోవైపు కూడా తెరుచుకుంటుంది. చీలమండ దగ్గర పుండు, చుట్టూ గోధుమరంగు చర్మం. చూడగానే సిర పుండు అనిపిస్తుంది, గట్టి కట్టు కట్టేస్తారు. సిర పుండుకు అంతకు మించిన మందు లేదన్నది నిజమే. అయితే ఆ వయసు వాళ్లలో చాలామందికి ధమని జబ్బు కూడా కలిసి ఉంటుంది. చీలమండ ఒత్తిడిని చేతి ఒత్తిడితో భాగిస్తే వచ్చే ఆ అంకె 0.8 పైన ఉంటే పూర్తి బిగువు కట్టు కట్టొచ్చు. 0.5 నుంచి 0.8 మధ్యలో ఉంటే తగ్గించిన బిగువుతో, వైద్యుడి కంటి ముందు. 0.5 కన్నా తక్కువైతే కట్టు కట్టకూడదు, ముందు ధమనిని తెరవాలి, తర్వాత సిర సంగతి. షుగరు రోగిలో అంకె మరీ బాగుంటే దాన్ని నమ్మకుండా బొటనవేలి ఒత్తిడి చూడాలి. మందుల షాపులో కొలతలు తీసి మేజోళ్లు అమ్మే కుర్రాడికి ఈ అంకె గురించి ఎవరూ చెప్పలేదు. రోగే అడగాలి: "కట్టు కట్టే ముందు నా కాలి బీపీ చూశారా అండీ?"